పడని బ్రేకు

క్రేనుతో ఎత్తుకొచ్చిన లారీని షెడ్డు ముందు దింపేసరికి ఎండ నెత్తికెక్కింది. ప్లాస్టిక్ స్టూలు చంకలో పెట్టుకుని దాని వెనకాలే కంపెనీ వాచ్‌మన్, అందరూ 'పడలేదు' అని పిలిచే పెద్దాయన కూడా నడుచుకుంటూ వచ్చాడు.

"నన్ను కూడా రిపేరుకి పంపారు మేస్త్రీ," అన్నాడు నవ్వుతూ. "సామాన్లు పోకుండా చూసుకోవాలట."

"ఇందులో పోవడానికేముంది బాబాయ్, తుప్పు తప్ప," అన్నాడు మేస్త్రి.

"తుప్పయినా ఓనరుదేగా," అని పెద్దాయన నీడ చూసుకుని స్టూలు వేసుకున్నాడు.

ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఇదే మొదటి లారీ. ఒకప్పుడు దీన్ని నడిపింది ఆయనే. కొండ దిగుడులో ఇది అదుపు తప్పి రాతిగోడకు గుద్దుకుంది. క్లీనరు కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. ఆ కుర్రాడు ఈయన భార్యకు సొంత తమ్ముడు. ఎవరెన్నిసార్లు అడిగినా ఈయన నోట ఒకటే మాట: బ్రేకు పడలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి పెడలు తొక్కి చూస్తే గట్టిగానే ఉంది. దాంతో లైసెన్సు పోయింది, కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని మిగిలింది. ఆ మాటే పేరైపోయింది. లోడింగు కూలీల దగ్గర్నుంచి ఆఫీసు గుమాస్తాల దాకా అందరికీ ఆయన 'పడలేదు'. పిలిస్తే పలికేవాడు కూడా. అసలు పేరుతో పిలిస్తే పలకడేమోనని ఎవరో అంటే మేస్త్రి కూడా ఓసారి పకపకా నవ్వాడు.

ఇన్నాళ్ళూ గోడౌను వెనకాల పడి ఉన్న బండి అది. పెద్ద ఓనరు దాన్ని అమ్మలేదు, మళ్ళీ రోడ్డెక్కించనూ లేదు. ఆయన పోయాక కొడుకు కొత్త ఆఫీసు కట్టాడు. శుక్రవారం ప్రారంభం. ఆఫీసు ముందు గడ్డి వేసి, దాని మధ్య ఈ లారీని నిలబెట్టాలని ఆ కొడుకు ముచ్చట. తళతళలాడాలి, తన చక్రాల మీద తనే నడిచి రావాలి.

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు జాలీ లోపలికి నొక్కుకుపోయి ఉంది. క్లీనరు వైపు తలుపు బద్ద పెట్టి కట్టి ఉంది. క్యాబిన్ నేల మీద కోడి గుడ్డు పెంకులు, ఎలుకలు కొరికిన సీటు పీచు. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. పొద్దున్నే లేస్తే వంగలేని నడుం, సాయంత్రమైతే నిటారు కాలేని నడుం. బండి కింద ఎన్ని గంటలు పడుకోవాలో లెక్కేసుకుంటేనే నీరసం వచ్చింది.

"జాలీ సంగతి నాకొదిలెయ్ బావా," అన్నాడు బావమరిది. సుత్తి పనీ రంగు పనీ వాడివి. "పెళ్ళికూతుర్ని చేసి పంపుతా."

"ముసలి పెళ్ళికూతురు," అంది మేస్త్రి భార్య, సీటు పీచు బయటికి లాగుతూ. సీట్లు కుట్టేది ఆమె. షెడ్డు మూలన తండ్రి నాటి కుట్టుమిషనుంది. పక్క గోడ మీద ఆ తండ్రి ఫోటో. వెల్డింగు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఏదో జోకు విన్నట్టు నవ్వుతుంటాడు. షెడ్డు ఆయనది. మేస్త్రికి పని నేర్పిందీ, పిల్లనిచ్చిందీ ఆయనే. ఊళ్ళో ముసలి మెకానిక్కులు ఇప్పటికీ ఈ షెడ్డుని ఆయన పేరుతోనే పిలుస్తారు.

మొదటి రెండు రోజులూ తుప్పుతోనే సరిపోయింది. నట్లకి కిరోసిన్ పోసి నానబెట్టడం, పానా పెట్టి ఊగించడం, రాకపోతే మళ్ళీ పోయడం. ఇంజను తిరగడానికి మొండికేసి, చివరికి నల్లటి పొగ కక్కుతూ దగ్గి, దారికొచ్చింది. పెద్దాయన స్టూలు మీద నుంచి చూస్తూ కూర్చున్నాడు. సలహాలివ్వలేదు. పానా అందుకోమంటే అందుకున్నాడు, టైరు దొర్లించమంటే దొర్లించాడు. లారీ వైపు మాత్రం పరాయి బండిని చూసినట్టే చూశాడు.

మూడోరోజు మేస్త్రి వెనక చక్రాలకొచ్చాడు. ఎడమ డ్రమ్ము కాస్త కొట్టగానే ఊడింది. కుడిది రానంది. చుట్టూ సుత్తితో తడుతూ, కాస్త కిరోసిన్ పట్టిస్తూ, మళ్ళీ తడుతూ, చెమట కళ్ళలోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ చాలాసేపు దానితో కుస్తీ పట్టాడు. ఊడొచ్చాక లోపల చూస్తే బ్రేకు షూలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి, వాటికి అతికించిన పట్టీ మాత్రం మందంగా, దాదాపు కొత్తదిలా ఉంది. ఎడమ వైపుది అరిగి కాగితంలా అయిపోయింది.

ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు. ఒకదాని పట్టీ అరిగింది, రెండోదానిది అరగలేదు. మేస్త్రికి నచ్చలేదు.

బండి కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. ఇరుసు మీద ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజూ మట్టీ చాకుతో గీకాడు, గుడ్డతో తుడిచాడు. ముందు నుంచి వచ్చే బ్రేకు గొట్టం ఇరుసు మధ్యలో రెండుగా చీలుతుంది. ఎడమ గొట్టం ఎడమ చక్రానికి పోయింది. కుడి గొట్టం జానెడు దూరం వెళ్ళి ఆగిపోయింది. విరగలేదు. కోశారు. కోసిన కొసని రెండు మడతలు పెట్టి, చదును చేసి, ఇత్తడితో అతికి మూసేశారు.

మేస్త్రి ఆ కొస మీద వేలు ఆనించి ఉంచాడు.

సంగతి తెలియనిది కాదు. చక్రం దగ్గర సిలిండరు కారిపోతుంటే, కొత్తది దొరక్కపోతే, ఆ ఒక్క చక్రానికి వెళ్ళే గొట్టం మూసేస్తారు. నూనె కారదు. పెడలు గట్టిగానే ఉంటుంది. తొక్కి చూసిన ఇన్‌స్పెక్టరుకి ఏం తెలుస్తుంది? ఖాళీ బండి ఊళ్ళో మూడు చక్రాల బ్రేకుతో ఎలాగో తిరుగుతుంది. నిండా లోడుతో కొండ దిగితే ఎక్కడాగుతుంది?

అదొక్కటే అయితే మేస్త్రి అప్పుడే కేకేసి అందర్నీ పిలిచేవాడు. కానీ వేలు ఆ కొస మీద ఇంకోసారి జారింది. ఇత్తడి అతుకు మీద ఎక్కడా గరుకు లేదు. ఎవరూ చూడని చోట, ఇరుసు మీద, మట్టిలో కూరుకుపోయే కొసని ఎవడో ఆకురాయితో గోరంత మిట్ట కూడా లేకుండా నున్నగా రాశాడు. అలా రాసేవాడు ఒక్కడే. 'చేసిన పని చేతికి గుచ్చుకోకూడదురా' అని తన వేళ్ళ మీద ఆకురాయితో చిన్నగా కొట్టి మరీ నేర్పినవాడు.

కింద నుంచి చూస్తే చక్రాల సందులోంచి ఫోటో కనబడలేదు. పెద్దాయన కాళ్ళు కనబడ్డాయి. పాత తోలు చెప్పులు, ఒకదానికి తాడు కట్టి ఉంది.

"ఏం మేస్త్రీ, నిద్రపోయావా?" అని పైనుంచి గొంతు.

"ఆఁ... లేదు బాబాయ్," అన్నాడు మేస్త్రి.

ఆ మధ్యాహ్నమే చిన్న ఓనరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, నవ్వుతూ మాట్లాడతాడు, అందరికీ టీ తెప్పిస్తాడు. బావమరిది సాపు చేసిన జాలీ చూసి భుజం తట్టాడు. మేస్త్రి భార్య కుట్టిన సీటు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూశాడు. దిగుతూ పెద్దాయన్ని చూసి, "ఏం తాతా, ఈసారైనా బ్రేకు పడుతుందా?" అన్నాడు.

అందరూ నవ్వారు. బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. పెద్దాయన కూడా తన వంతు నవ్వాడు, అలవాటైన పని చేసినట్టు. మేస్త్రి చేతిలో టీ గ్లాసు పట్టుకుని నేల చూశాడు. ఇన్నేళ్ళలో ఆ జోకుకి తను నవ్వకపోవడం అదే మొదలు. భార్య మిషను మీంచి తలెత్తి చూసింది.

వెళ్ళబోతూ చిన్న ఓనరు మేస్త్రిని పక్కకి పిలిచాడు. "శుక్రవారం తాతని వెనక గేటు దగ్గర ఉంచుతాను. పెద్ద పెద్దవాళ్ళొస్తారు. బండి పక్కన ఈయన్ని చూస్తే ఎవడో ఒకడు ఆ యాక్సిడెంటు ఎత్తుతాడు. మంచిరోజున ఎందుకా గోల? నువ్వే నెమ్మదిగా చెప్పు, నేను చెబితే బాగుండదు."

"నేను చెబితే బాగుంటుందా బాబూ?" అన్నాడు మేస్త్రి. చిన్న ఓనరు దాన్ని కూడా జోకనుకుని నవ్వి కారెక్కాడు.

సాయంత్రం ఇంటికెళ్ళాక మేస్త్రి కోసి తెచ్చిన గొట్టం ముక్కని గుడ్డలోంచి తీసి వంటగది గట్టు మీద పెట్టాడు. భార్య చేతులు కడుక్కుంటోంది. తుడుచుకుని దాన్ని తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో కొస రాసి చూసింది. ఆమెకి వివరం చెప్పక్కర్లేకపోయింది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ ఆకురాయి చప్పుడు వింటూ హోంవర్కు చేసుకున్న మనిషి.

"ఎందులోది?" అంది.

"లారీలోది. వెనక కుడి చక్రానిది."

ఆమె పీట మీద కూర్చుంది. "అంటే ఆ రోజు..."

"ఆ రోజు."

బావమరిది స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. పక్క వాటాలోనే ఉంటాడు, అన్నం ఇక్కడే. విషయం విన్నాక తువ్వాలు భుజం మీదే ఉండిపోయింది.

"అయితే ఏం చేద్దామంటావు బావా?"

"ఆయనకి చెప్పాలి కదరా."

"చెప్పి? ఎవరు చేశారంటే ఏమంటావు?"

మేస్త్రి గట్టు మీది గుడ్డ తీసి మడత పెట్టాడు.

"నాన్న పోయాడు. పెద్ద ఓనరూ పోయాడు. ఇప్పుడిది బయటపడితే ఎవడి మీద పడుతుంది? మన మీద. షెడ్డు ముందు నుంచి పోయే ప్రతివాడూ వీళ్ళ నాన్న మనిషిని చంపాడంటాడు. కంపెనీ బళ్ళు మన దగ్గరికి రావడం మానేస్తాయి. ఆ ముసలాయనకేం ఒరుగుతుంది? లైసెన్సు తిరిగిస్తారా? పోయినవాడు లేచొస్తాడా?"

"లేచి రాడు," అంది అక్క. "మనం నవ్వడం మానేస్తాం, అంతే."

"నేనేదో సరదాకి నవ్వానే!"

"నేనూ సరదాకే నవ్వానురా ఇన్నాళ్ళూ. నేను మేడ మీద బట్టలారేస్తుండగా, కింద పోతున్న ఆయన్ని చూసి 'పడలేదు తాతా' అని మన పిల్లలు అరిచినప్పుడు కూడా నవ్వాను."

బావమరిది తువ్వాలు విసిరి కుర్చీ మీద వేశాడు. "మీ ఇష్టం. నేనైతే షెడ్డుకి రాను. మీరే చెప్పుకోండి, మీరే ఏడవండి," అని అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు. పళ్ళెంలో పెట్టిన అన్నం ఆమె మళ్ళీ గిన్నెలోకి వంచేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారుగానీ ఏం తిన్నారో తెలియలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి కొత్త గొట్టం వంచాడు. ఇరుసు వంపుకి తగ్గట్టు, మోకాలి మీద ఆనించి, కొంచెం కొంచెంగా. చక్రం దగ్గర కొత్త సిలిండరు బిగించాడు. పట్టీలన్నీ మార్చాడు. మిగిలింది గొట్టాల్లో గాలి తీయడం. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, గాలి బుడగలు పోయాక మళ్ళీ బిగించాలి. ఎప్పుడూ బావమరిదే తొక్కేవాడు. అన్నట్టుగానే వాడు రాలేదు.

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె క్లీనరు సీటుకి చివరి కుట్లు వేస్తోంది. లేవబోయి ఆగింది. స్టూలు వైపు చూసింది.

"బాబాయ్," అంది. "కాస్త పైకెక్కి పెడలు తొక్కుతావా? మా తమ్ముడు రాలేదు."

పెద్దాయన వెంటనే లేవలేదు. చెప్పులు విడిచాడు, మళ్ళీ తొడుక్కున్నాడు, మళ్ళీ విడిచాడు. క్యాబిన్ తలుపు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఊపిరి తీసుకున్నాడు. మేస్త్రి చెయ్యి అందించబోతే వద్దన్నాడు. ఎక్కి కూర్చున్నాక స్టీరింగు మీద చేతులు వేయలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేస్త్రి కింద దూరాడు. "తొక్కు బాబాయ్."

పైన పెడలు కదిలింది. నేల కింద కడ్డీ ముందుకు జరిగింది.

"పట్టు."

నట్టు వదిలాడు. సన్నటి గొట్టంలోంచి బుడగలు కక్కుతూ నూనె సీసాలోకి కారింది. నట్టు బిగించాడు.

"వదులు."

అలా ఎడమ చక్రం అయింది. కుడి చక్రానికి జరిగాడు. తొక్కు, పట్టు, వదులు. తొక్కు, పట్టు, వదులు. బుడగలు తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక్క బుడగా లేని నూనె కారింది. మేస్త్రి నట్టు బిగించి, పానా పొట్ట మీద పెట్టుకుని, పైనున్న ఇరుసునే చూస్తూ ఉండిపోయాడు. ఎదురుగా నిలబడి చెప్పమంటే తన వల్ల అయ్యేది కాదు.

"బాబాయ్. ఆ రోజు ఈ చక్రానికి బ్రేకు లేదు. గొట్టం కోసి మూసేశారు. నేను నిన్ననే చూశా."

కడ్డీ కదల్లేదు. పెద్దాయన కాలు పెడలు మీదే ఉందన్నమాట.

"మూసింది మా మామ," అన్నాడు మేస్త్రి.

మిషను చప్పుడు ఆగింది. దూరంగా రోడ్డు మీద ఏదో బండి హారను కొట్టుకుంటూ పోయింది.

"తెలుసు," అంది పైనుంచి గొంతు.

మేస్త్రి లేవబోయి తల ఇరుసుకి కొట్టుకున్నాడు.

"మీ మామ ఆ వారంలోనే మా ఇంటి సందు చివర్న నిలబడి కబురు పెట్టాడు. వెళ్తే కాళ్ళ మీద పడ్డాడు. చాన్నాళ్ళుగా కారుతున్న సిలిండరుకి బదులు కొత్తది దొరకలేదట. లోడు ఆగకూడదని పెద్ద ఓనరు తొందరపెట్టాడట. 'మూసెయ్, డ్రైవరుకి నేను చెప్తాను, మెల్లగా పోతాడు' అన్నాడట. ఆ ఓనరు నాకు చెప్పలేదు. మర్చిపోయాడో, చెబితే బండి తీయననుకున్నాడో, ఆ దేవుడికే తెలియాలి. మీ మామ పోలీసుల దగ్గరికి పోయి ఒప్పుకుంటానన్నాడు. నేనే వద్దన్నా."

"ఎందుకు బాబాయ్?" ఈసారి అడిగింది మేస్త్రి భార్య. లేచొచ్చి క్యాబిన్ తలుపు దగ్గర నిలబడింది.

"నువ్వప్పుడు ఇంతున్నావమ్మా. వచ్చేటప్పుడు నిన్ను చంకనేసుకుని వచ్చాడు మీ నాన్న. మీ తమ్ముడు మీ అమ్మ కడుపులో ఉన్నాడు. ఆయన లోపలికి పోతే మీ గతేంటి? నేనేదో గొప్పవాణ్ణని కాదులే. పెద్ద ఓనరు నన్ను కూడా పిలిచాడు. ఇంకేం మాట్లాడకుండా ఉంటే గేటు దగ్గర పని ఇస్తానన్నాడు. నాకూ పొట్ట ఉంది. ఒప్పుకున్నా. అటూ ఇటూ నోరు కట్టేసుకున్నా."

"కానీ బ్రేకు పడలేదని చెబుతూనే ఉన్నావుగా?"

"అది అబద్ధం కాదుగా. బ్రేకు పడలేదు. ఎందుకు పడలేదో చెప్పలేదు, అంతే." పెద్దాయన పెడలు మీంచి కాలు తీశాడు. "ఇంకా తొక్కాలా, దిగిపోనా?"

మేస్త్రి బండి కింద నుంచి బయటికి పాకి వచ్చాడు. ఒళ్ళంతా నూనె, నుదుటి మీద బొప్పి. షెడ్డు గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. చేతిలో రంగు డబ్బా. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. వాడు డబ్బా కింద పెట్టాడు. క్యాబిన్ దగ్గరికొచ్చి పెద్దాయన చెప్పులు రెండూ తీసి మెట్టు కిందికి జరిపి పెట్టాడు.

"శుక్రవారం ఈ బండిని నువ్వే తోలుకెళ్ళాలి బాబాయ్," అన్నాడు మేస్త్రి. "ఓనరు ఏమంటాడో నేను చూసుకుంటా. ముందు గేటులోంచి, అందరి ముందూ."

పెద్దాయన మెట్టు మీంచి దిగి చెప్పులు తొడుక్కున్నాడు. "నాకొద్దురా అబ్బాయ్."

"అదేంటి బాబాయ్?"

"నాకు తోలాలని లేదు. దీన్ని చూడ్డమే నాకు కష్టం. రోజూ ఇక్కడ కూర్చోబెడితే కూర్చున్నానుగానీ. నువ్వే తోలుకెళ్ళు." స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకున్నాడు. ఎవరి మీదా కోపం లేదు. బాగా అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు.

"ఓనరుకి చెబుతా అయితే. నిజం చెబుతా."

"చెప్పుకో. చెప్పకపోయినా నాకేం లేదు. నాకు..." మేస్త్రి భార్య వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఒక్క పని చేసి పెడతావా?"

"చెప్పు బాబాయ్."

"మా ఇంటిదానికి చెప్పు. దానికి తెలియదు."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "పిన్నికి చెప్పలేదా? ఇన్నేళ్ళూ?"

"మొదట్లో చెబితే ఊరుకుంటుందా? సొంత తమ్ముడాయె. వచ్చి మీ నాన్న గుమ్మం ముందు కూర్చునేది. కాస్త నిమ్మళించాక చెబుదామనుకున్నా. ఈలోగా అది నాతో ఆ మాటెత్తడం మానేసింది. అన్నం పెడుతుంది, జ్వరమొస్తే మందు వేస్తుంది. వాడి పేరు మాత్రం ఇంట్లో లేదు. మొహం చూసి నోరు తెరవబోతే లేచి వెళ్ళిపోతుంది. నా వల్ల కాదమ్మా. నువ్వు ఆయన కూతురివి. నువ్వు చెబితే నమ్ముతుంది."

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే షెడ్డు మూశారు. ముందు పెద్దాయన, వెనక మేస్త్రీ భార్యా. బావమరిది నాలుగడుగులు వెనకగా వచ్చి, సందు మొదట్లో ఆగిపోయాడు. "నేనిక్కడుంటా అక్కా," అన్నాడు. ఆమె సరేనని తలూపింది.

ఒకటే గది. నేల మీద కూర్చుని పెద్దావిడ పాత పేపర్లతో కొట్టు పొట్లాలు చేస్తోంది. మడత పెట్టడం, గోరుతో గీయడం, అంచుకి జిగురు రాయడం, అద్ది పక్కన పడేయడం. చేతులు చూడక్కర్లేకుండా సాగిపోతున్నాయి. వచ్చినవాళ్ళని చూసి కూర్చోమంది. మొగుడు గుమ్మం బయటే నిలబడిపోతే అదేంటని అడగలేదు.

మేస్త్రి భార్య ఆమెకెదురుగా నేల మీదే కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలేవీ గుర్తు రాలేదు. "పిన్నీ, నేను మెకానిక్కు కూతుర్ని," అంది, ఆమెకి తెలియనట్టు. ఆ తర్వాత అంతా చెప్పింది. గొట్టం, ఇత్తడి అతుకు, తండ్రి సందు చివరికి రావడం, పెద్ద ఓనరు మాట, గేటు దగ్గర పని. ఏదీ తగ్గించలేదు. తండ్రి చేశాడన్న దగ్గర కూడా ఆపలేదు.

పెద్దావిడ చేతులు మొదట ఆగలేదు. రెండు మూడు పొట్లాలు మామూలుగానే పడ్డాయి. తర్వాతి దాని అంచుకి జిగురు రాసింది, అద్దడం మర్చిపోయింది. వేలికి జిగురు అలాగే ఉంది.

"మీ నాన్న బతికుండగా ఓసారి దారిలో నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయాడు," అంది. "పొగరనుకున్నా."

"పిన్నీ..."

"నిన్నేమనను. నువ్వు చిన్నపిల్లవి." గుమ్మం వైపు తల తిప్పింది. "లోపలికి రా."

పెద్దాయన చెప్పులు విడిచి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"పరాయి పిల్లల కోసం నోరు కట్టుకున్నావు. బాగుంది. నేను నీకేమవుతానని నాకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా," అన్నాడాయన. అనకూడని మాటన్నట్టు వెంటనే తల దించుకున్నాడు.

"ఎందుకడగాలి? అడిగితే ఏం చెప్పేవాడివి, బ్రేకు పడలేదనేగా? ఊరంతా అదే. వచ్చిన ప్రతివాడూ బ్రేకు, బ్రేకు, బ్రేకు. పోలీసులదీ అదే మాట, మా అన్నలదీ అదే మాట. ఆ బ్రేకు ఎవడు మూస్తే నాకెందుకు? మా వాడి గురించి ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు నాకు. ఆ రోజంతా వాడి పక్కనున్నది నువ్వొక్కడివే. వాడేం తిన్నాడు, ఏం మాట్లాడాడు, నవ్వాడా, భయపడ్డాడా... నువ్వైనా చెబుతావని చూశాను. ఎప్పుడు నోరు తెరిచినా బ్రేకుతో మొదలుపెట్టేవాడివి. లేచి వెళ్ళక ఏం చెయ్యను?"

పెద్దాయన గోడ మీంచి జారినట్టుగా నేల మీద కూర్చున్నాడు. మేస్త్రి భార్య మొగుడి వైపు చూసింది. ఇద్దరూ చప్పుడు చేయకుండా లేచారు. పెద్దావిడ వాళ్ళని గమనించలేదు. ముందున్న పేపర్ల దొంతర రెండు చేతులతో పక్కకి జరిపింది. ఇద్దరి మధ్యా ఖాళీ నేల మిగిలింది.

"పొద్దున్నించీ చెప్పు," అంది. "లేచిన దగ్గర్నుంచీ."

మేస్త్రి గుమ్మం దాటుతుండగా పెద్దాయన గొంతు సవరించుకోవడం వినబడింది.

"పొద్దున్నే నన్ను లేపింది వాడే. మొహాన నీళ్ళు కొట్టి మరీ లేపాడు. నేను తిడుతుంటే చేతికందకుండా ఎగిరి లారీ వెనక తలుపెక్కి కూర్చుని నవ్వుతున్నాడు."

"వాడంతే," అంది ఆమె. "నాకూ అలాగే కొట్టేవాడు."

"కొత్త చొక్కా వేసుకున్నాడు. పచ్చ చొక్కా. బండి తుడిస్తే మాసిపోతుందిరా అంటే..."

"పచ్చది కాదు. నేను కొనిపెట్టానుగా. నీలం."

"నీలమా?"

"నీలం."

పెద్దాయన ఆలోచించాడు. "అవును," అన్నాడు. "నీలమే. బండి తుడిస్తే మాసిపోతుందిరా అంటే, అది విప్పి సీటు మీద మడతపెట్టి పెట్టాడు."

"మడతపెట్టాడా? వాడా?" పెద్దావిడ ముందుకు వంగింది. "ఆఁ, తర్వాత?"